రాయడం నేర్పితే వస్తుందా?

సంగీతానికి గురువు వుంటాడు. నాట్యానికి వుంటాడు. బొమ్మలు వేయడం నేర్పటానికి కాలేజీలే వున్నాయి. కుట్టుపని దగ్గర్నుంచి కారు నడపడం దాకా ప్రతి విద్యకూ నేర్పేవాళ్ళున్నారు. కథ రాయడానికి, కవిత రాయడానికి, ఆఖరికి ఒక విషయాన్ని నాలుగు వాక్యాల్లో స్పష్టంగా చెప్పడానికి మాత్రం గురువు ఎందుకు వుండకూడదు? ఈ ప్రశ్న ఎవరిని అడిగినా "అది పుట్టుకతో రావాలండీ" అంటారు. స్టాఫ్ రూములోనూ ఇదే మాట, హాస్టల్ వరండాలోనూ ఇదే మాట. పుట్టుకతో వచ్చేది కొంత వుంటుంది, కాదనను. పాడేవాడికి గొంతు పుట్టుకతో వచ్చిందే గదా! అంతమాత్రాన వాడికి సరళీ వరుసలు తప్పుతున్నాయా?

నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే లెక్చరర్ని. రచనను ఒక చదువుగా కొన్ని విశ్వవిద్యాలయాలు ఎందుకు చేపట్టాయి, ఆ క్లాసులో ఏం జరుగుతుంది, దానిమీద వున్న ఆక్షేపణలేమిటి, అందులో మనకు పనికొచ్చేది ఏమిటి – ఈ నాలుగు సంగతులు మన విద్యార్థులకూ, సహాధ్యాపకులకూ, ఈ కాలేజీ పాత విద్యార్థులకూ చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొక్కజొన్న చేల నడుమ

అమెరికాలో అయోవా అని ఒక రాష్ట్రం వున్నది. మొక్కజొన్న పంటకూ, పందుల పెంపకానికీ పేరు. పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలున్న న్యూయార్కుకు బహుదూరం. అయినా రచనను డిగ్రీ చదువుగా నిలబెట్టిన కీర్తి ఈ వ్యవసాయ రాష్ట్రానికే దక్కింది. విద్యార్థుల చేత రోజుకొక చిన్న పేజీ రాయించే పద్ధతిని హార్వర్డులో బారెట్ వెండెల్ అనే ఆచార్యుడు 1880లలోనే నడిపాడు. అయోవా విశ్వవిద్యాలయంలో పద్యరచన క్లాసు 1897లో మొదలైంది. అసలు మలుపు 1922లో వచ్చింది. అక్కడి గ్రాడ్యుయేట్ కాలేజీ డీన్ కార్ల్ సీషోర్, పై డిగ్రీలకు పరిశోధన వ్యాసం బదులు సృజనాత్మక రచనను సమర్పించినా అంగీకరిస్తామని ప్రకటించాడు. సీషోర్ సాహిత్యం మనిషి కాడు. మనస్తత్వ శాస్త్రవేత్త. సంగీత ప్రతిభను కొలిచే పరీక్షలు తయారుచేసినవాడు. ప్రతిభను కొలవడానికి పూనుకున్న మనిషే దాన్ని సానపట్టడానికీ తలుపు తీశాడన్నమాట.

ఆ తలుపు గుండా ముందుగా వెళ్ళినవారిలో పాల్ ఎంగిల్ ఒకడు. కవితల సంపుటి సమర్పించి ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. ఆ సంపుటే 1932లో పుస్తకంగా వచ్చింది. 1936లో 'రైటర్స్ వర్క్‌షాప్' పేరుతో శాఖ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు విల్బర్ ష్రామ్. మన జర్నలిజం విద్యార్థులు ఈ పేరు వినే వుంటారు. దేశాభివృద్ధిలో పత్రికలు, రేడియో వంటి సాధనాల పాత్ర గురించి 1964లో ప్రసిద్ధ గ్రంథం రాసిన ష్రామ్ ఈయనే. కథారచన క్లాసు తెరిచిన మనిషే తర్వాత ప్రజాసంబంధ మాధ్యమాల శాస్త్రానికి పెద్ద దిక్కయ్యాడు. సృజన రచన ఒక గట్టున, ఉద్యోగ రచన మరో గట్టున వుంటాయని అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎంగిల్ 1941 నుంచి 1965 దాకా వర్క్‌షాప్‌కు డైరెక్టరుగా వున్నాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి, యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికుల చదువు ఖర్చు 1944 నాటి చట్టం కింద ప్రభుత్వమే భరించడంతో, వాళ్ళు తండోపతండాలుగా యూనివర్సిటీల్లో చేరారు. చోటు చాలక, నది ఒడ్డున సైన్యం వాడే రేకుల షెడ్లలో క్లాసులు నడిపారు. భవనం లేదు, బల్లలు సరిగ్గా లేవు. కాగితాలు, వాటిని శ్రద్ధగా చదివే పదిమంది – పెట్టుబడి అంతే.

ఆ రోజుల్లోనే, 1945లో, జార్జియా రాష్ట్రంనుంచి ఒక అమ్మాయి అయోవాకు వచ్చింది. చేరింది జర్నలిజంలో. ఒకరోజు ఎంగిల్ గదికి వెళ్ళి ఏదో అడిగింది. ఆమె దక్షిణాది యాస ఆయనకు బొత్తిగా అర్థం కాలేదు. రెండు మూడుసార్లు చెప్పించుకుని, చివరికి కాగితం ఇచ్చి రాయమన్నాడు. తన పేరు ఫ్లానరీ ఓకానర్ అనీ, తనకు రచన క్లాసులో చేరాలని వుందనీ రాసింది. 1947లో పట్టా తీసుకుంది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కథకుల్లో ముందు వరుసలో చెప్పే పేరు ఆమెది. నోట పలికితే అర్థంకాని ఆ యాసే ఆమె కథల్లో బలం అయింది. ఈ విషయం మళ్ళీ ప్రస్తావిస్తాను.

1946లో స్టాన్‌ఫర్డులో వాలెస్ స్టెగ్నర్ ఇలాంటి శాఖే నెలకొల్పాడు. తర్వాత అమెరికాలో ఇవి వందల సంఖ్యకు చేరాయి. ఇంగ్లండులో మాత్రం చాలాకాలం పెదవి విరిచారు. 1970లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో మాల్కమ్ బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ కలిసి ఎం.ఏ. కోర్సు తెరిస్తే చేరిన విద్యార్థి ఒక్కడే – ఇయాన్ మెకీవన్. ఒక్కడికోసం కోర్సా అని మూసేసి వుంటే? పదేళ్ళకు 1980లో అదే కోర్సు ముగించి వెళ్ళిన కజువో ఇషిగురోకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. కోర్సే బహుమతి తెచ్చిపెట్టిందని నేననను. కాని, ఎక్కడో ఒక గదిలో అతని తొలి రచనలను పట్టించుకుని చదివినవాళ్ళు వున్నారు. అది చిన్న సంగతి కాదు.

క్లాసులో జరిగేదేమిటి?

మన క్లాసులో లెక్చరరు మాట్లాడతాడు, విద్యార్థులు రాసుకుంటారు. అక్కడ విద్యార్థి రాస్తాడు, తక్కినవాళ్ళు మాట్లాడతారు. పది పన్నెండుమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఈ వారం ఎవరి కథో ముందే కాపీలు తీసి అందరికీ ఇస్తారు. అందరూ చదివి, అంచుల్లో గుర్తులు పెట్టుకుని వస్తారు. చర్చ జరుగుతున్నంతసేపూ కథ రాసినవాడు నోరు మెదపకూడదనేది చాలాచోట్ల పాటించే నియమం. ఎందుకని? అచ్చులో పాఠకుడి చేతికి వెళ్ళాక రచయిత పక్కన కూర్చుని "నా ఉద్దేశం అది కాదండీ" అని చెప్పలేడు గనుక. కాగితంమీద వున్నదే సాక్ష్యం. ఏ పేరా దగ్గర విసుగు పుట్టింది, ఏ పాత్ర మాట నమ్మేలా లేదు, ఎక్కడ కళ్ళు చెమ్మగిల్లాయి – ఇవి పదిమంది నోట వింటే మనిషికి తన రచన తనకే కొత్తగా కనిపిస్తుంది.

గురువు చేసేదేమిటి? జాన్ గార్డ్‌నర్ అనే నవలాకారుడు 1950లలో కాలిఫోర్నియాలోని చీకో స్టేట్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రేమండ్ కార్వర్ అతని శిష్యుడు. పెళ్ళయి, పిల్లలతో, చాలీచాలని సంపాదనతో ఇరుకు ఇంట్లో వున్నాడు. రాసుకోవడానికి చోటు లేదు. గార్డ్‌నర్ తన ఆఫీసు గది తాళంచెవి చేతికిచ్చి శని ఆదివారాలు అక్కడ కూర్చుని రాసుకోమన్నాడు. కార్వర్ కథలను వాక్యం వాక్యం, కామా కామా పట్టి చూసి, కొట్టేయవలసింది కొట్టేసి, ఎందుకు కొట్టేశాడో చెప్పేవాడట. ఒక తాళంచెవి, ఒక దిద్దిన కాగితం. రచన నేర్పడం అంటే ఏమిటని అడిగితే నేను ఈ రెండే చూపిస్తాను.

చెప్పడం తేలిక గదా, మన పిల్లలతో ఇది కుదురుతుందా అని మీకు అనుమానం రావచ్చును. నేనొకసారి చేసి చూశాను. ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో పదకొండుమంది విద్యార్థులను కూర్చోబెట్టి 'మా హాస్టల్ భోజనం' గురించి ఒక్క పేజీ తెలుగులో రాయమన్నాను. తొమ్మిదిమంది "మానవ జీవితంలో ఆహారం ప్రధానమైనది" అనే అర్థం వచ్చే వాక్యంతోనే మొదలెట్టారు. తప్పు వాళ్ళది కాదు. పదేళ్ళు గైడ్లలో వ్యాసాలు బట్టీపట్టిన చేతులు అవి. కాగితాలు మార్చుకుని ఒకరిది ఒకరు చదవమన్నాను. ఇది ఏ హాస్టలో దీన్నిబట్టి చెప్పగలరా అని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. సరే, కంటితో చూసిందీ, చెవితో విన్నదీ, చేతితో లెక్కపెట్టిందీ మాత్రమే రాయాలని షరతు పెట్టి మళ్ళీ రాయమన్నాను.

రెండోసారి పేజీల్లో సాంబారు బకెట్టు అడుగున గరిటె గీరుకునే చప్పుడు వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాడికోసం పళ్ళెంమీద పళ్ళెం బోర్లించి దాచిన స్నేహితుడు వచ్చాడు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి నాలుగే వాక్యాలు రాశాడు. ఆదివారం కోడికూర వండే రోజున తను ఊరికి వెళ్తున్నానని సంతకం పెట్టి, ఊరికి వెళ్ళకుండా లైబ్రరీ వెనక చెట్టుకింద కూర్చుంటానని. నెలకు నాలుగు ఆదివారాలు అలా చేస్తే మెస్ బిల్లు కాస్త తగ్గుతుందని. ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం కోడికూర బాగుందని రాస్తానని. చదవడం అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయికి పుట్టుకతో ఏం వచ్చిందో నాకు తెలియదు. అతను రాసింది శ్రద్ధగా చదివేవాళ్ళు అంతకుముందు దొరకలేదని మాత్రం తెలిసింది.

ఉద్యోగానికి పనికొచ్చే రాత

కథ ఇక్కడితో ఆగలేదు. మరుసటి వారం అదే విషయం మీద వార్డెన్ గారికి అర్జీ రాయమన్నాను. అంతకుముందు విద్యార్థులు ఒక అర్జీ ఇచ్చివున్నారు. మూడు పేజీలు, నిండా 'తమరి దివ్యసముఖమునకు', 'సహృదయంతో పరిశీలించి' వగైరా. ఏం కావాలో చివరి పేజీలో వుంది. అక్కడిదాకా ఎవరు చదువుతారు? ఈసారి పిల్లలు ఒక్క పేజీ రాశారు. మొదటి వాక్యంలో కోరిక, రెండో పేరాలో నెలవారీ బిల్లుల లెక్క, మూడో పేరాలో భోజనం చేయని పూటలకు డబ్బు తగ్గించే పద్ధతి. వార్డెన్ గారు రెండు రోజుల్లో పిలిచి మాట్లాడారు. నాలుగు వాక్యాల ఆ పేజీ మనసుకు చెప్పింది. ఈ పేజీ ఆఫీసు బల్లకు చెప్పింది. సరుకు ఒకటే, చదివే మనిషి వేరు.

వృత్తిరచన అంటే ఇంతకంటే పెద్ద రహస్యం లేదు. చదివేవాడెవడు, అతనికి ఎంత తీరిక వుంది, చదివాక అతను చేయవలసిన పనేమిటి – ఈ మూడూ తెలుసుకుని రాయడం. వార్తలు, ప్రకటనలు, రేడియో ప్రసంగాలు, యంత్రం వాడే విధానం చెప్పే కరపత్రాలు, బ్యాంకు నోటీసులు, మందు సీసామీది సూచనలు – అన్నీ ఎవరో ఒకరు రాస్తేనే వస్తున్నాయి. పురుగుమందు డబ్బామీద తెలుగు రైతుకు అర్థంకాకపోతే నష్టం వ్యాకరణానికి కాదు, ప్రాణానికి. అటువంటి చోట్ల మంచి తెలుగు రాయగలవాడి అవసరం ఎంత వుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రంగంలో మనవాళ్ళు మరీ వెనకబడి లేరు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. ఆ తర్వాత తెలుగు దినపత్రికలు స్వయంగా పాఠశాలలు పెట్టుకుని, కుర్రవాళ్ళకు భత్యం ఇచ్చి, వార్తను కొలతకు కుదించి రాయడం నేర్పాయి. యు.జి.సి. 2015లో ఇంగ్లీషు డిగ్రీకి సూచించిన మాదిరి పాఠ్యప్రణాళికలో సృజన రచన, సాంకేతిక రచన, అనువాదం కూడా ఐచ్ఛికాలుగా చోటు చేసుకున్నాయి. కానీ సిలబస్‌లో చోటు దొరకడం వేరు, క్లాసులో కాగితం దిద్దడం వేరు. సృజన రచనకు కూడా ప్రశ్నపత్రం, ఐదు మార్కుల ప్రశ్నలు, 'కథ లక్షణాలు వ్రాయుము' వచ్చిపడితే మళ్ళీ గైడే గెలుస్తుంది.

ఆక్షేపణలు

ఈ కోర్సుల మీద విమర్శలు లేకపోలేదు. మొదటిది, అందరిచేతా ఒకే అచ్చు కథలు రాయిస్తాయని. పదిమందికీ నచ్చేలా దిద్దుకుంటూ పోతే కథలో మొరటుదనం, వింతదనం అరిగిపోయి నున్నటి గులకరాయి మిగులుతుందని. ఇందులో నిజం వుంది. యుద్ధానంతర అమెరికన్ కథాసాహిత్యాన్ని ఈ కోర్సుల ప్రస్తావన లేకుండా అర్థం చేసుకోలేమని మార్క్ మెక్‌గర్ల్ 2009లో ఒక గ్రంథమే రాశాడు. ఒక దేశపు సాహిత్యం మీద తరగతి గది ప్రభావం అంత బలంగా వున్నప్పుడు జాగ్రత్త అవసరమే.

మనకైతే ఈ ప్రమాదం మరో రూపంలో వస్తుంది. దిద్దే గురువు తన జిల్లా తెలుగే తెలుగని అనుకుంటే? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో రాసిన 'పచ్చనాకు సాక్షిగా'ను అలాంటి గురువు చేతికిస్తే సగం మాటలకింద ఎర్రసిరా గీతలు పడేవి. రావిశాస్త్రి గారి విశాఖ మాటకూ అదే గతి పట్టేది. తెలంగాణ పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట కాపీలో తప్పుగా మారిన రోజులు మనం ఎరుగనివి కావు. అందుకే ఓకానర్ సంగతి పైన చెప్పాను. ఎంగిల్‌కు ఆమె మాట అర్థం కాలేదు, అయినా ఆమెను క్లాసులో చేర్చుకున్నాడు. అర్థంకాని మాట వినగానే అది తప్పు అనకుండా, కాగితం ముందుకు జరపడం – గురువుకు వుండవలసిన మొదటి గుణం ఇదని నా అభిప్రాయం.

రెండో ఆక్షేపణ డబ్బు. విదేశాల్లో కొన్ని కోర్సులకు ఫీజు భారీగా వుంటుంది. పట్టా చేతికొస్తే పుస్తకం అచ్చవుతుందన్న హామీ ఏమీ లేదు. అప్పుచేసి కవి కావాలనుకోవడం తెలివైన పని కాదు. మూడోది, పనికిమాలిన రచయితలు పెరిగిపోతారని. దీనికి ఓకానర్ గారే చమత్కారంగా జవాబిచ్చింది. విశ్వవిద్యాలయాలు రచయితల గొంతు నొక్కేస్తున్నాయా అని అడిగితే, ఇంకా కొందరివి నొక్కాల్సింది అన్నదట!

మన పెద్దలు ఏమన్నారు?

ఇదంతా పాశ్చాత్యుల సరదా అని కొట్టిపారేసేవాళ్ళకు ఒక్క మాట. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యం పుట్టడానికి మూడు చెప్పాడు – శక్తి, నిపుణత, అభ్యాసం. శక్తి పుట్టుకతో వచ్చేది. నిపుణత లోకాన్నీ, శాస్త్రాలనూ, కావ్యాలనూ చూడటంవల్ల వచ్చేది. అభ్యాసం కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసేది. ఈ మూడింటినీ కలిపి ఆయన ఏకవచనంలో 'హేతువు' అన్నాడు, హేతువులు అనలేదు. మూడూ కలిస్తేనే ఒక కారణం అవుతుందని వ్యాఖ్యాతలు వివరించారు. పుట్టుకతో రావాలండీ అనేవాళ్ళు మూడింట ఒక వంతు మాత్రమే చెబుతున్నారన్నమాట.

రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ఇంకా ముందుకు వెళ్ళి కవికి దినచర్యే వేశాడు. పగటిని నాలుగు జాములుగా విభజించి, ఒక జాము చదువుకు, ఒక జాము రచనకు, ఒకటి కావ్యగోష్ఠికి కేటాయించాడు. నాలుగో జామున పొద్దుట రాసింది ఒంటరిగానో, కొద్దిమంది మధ్యనో పరీక్షించుకోమన్నాడు. రసావేశంలో రాసేటప్పుడు తప్పొప్పులు చూసే కన్ను పనిచేయదట. అందుకని తర్వాత చూసుకోవాలట. ఎక్కువైంది తీసేయడం, తక్కువైంది నింపడం, చోటు తప్పినది మార్చడం, మరిచినది గుర్తుచేసుకోవడం – ఇవీ ఆయన చెప్పిన పనులు. అయోవా బల్లకు సుమారు వెయ్యేళ్ళ ముందు మాట ఇది.

తెలుగునాట ఈ శిక్షణ గురువుగారి అరుగుమీద సాగింది. బందరులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారి శిష్యరికంలోంచి విశ్వనాథ సత్యనారాయణ వంటివారు వచ్చారు. తర్వాత కాలంలో ఆ పని పత్రికలు చేశాయి. 1924నుంచి 1991దాకా నడిచిన 'భారతి'లో అచ్చు కావడమే ఒక పట్టా. 'చందమామ' కథలకు కొడవటిగంటి కుటుంబరావు గారు 1980లో చనిపోయేదాకా పట్టిన మెరుగు వల్ల ఎన్ని లక్షలమంది పిల్లలు తేటతెలుగు వాక్యం ఎలా వుంటుందో తెలియకుండానే నేర్చుకున్నారు! వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' మన భాషలో కథ పనితనాన్ని విడమరిచి చెప్పే పుస్తకం. 1999లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పుస్తకం వుంది, సంప్రదాయం వుంది. అరుగులు పోయాయి, పత్రికలు చాలామటుకు మూతపడ్డాయి. కుర్రవాడు రాసిన కాగితం దిద్దే చోటు ఖాళీగా వుంది. ఆ చోటు కాలేజీ తీసుకోవాలని నా వాదన.

మనం చేయగలిగింది

దీనికి యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. వారానికి ఒక గంట. పది పన్నెండుమందికి మించకూడదు. ఏ గ్రూపు విద్యార్థి అయినా రావచ్చును. కెమిస్ట్రీ చదివేవాడు ప్రయోగశాల గురించి రాస్తే తెలుగు ఎం.ఏ.వాళ్ళకు కొత్త మాటలు తెలుస్తాయి. రాసినవాడు చర్చలో మాట్లాడకూడదు. బాగుంది, బాగాలేదు అనే మాటలు నిషిద్ధం; ఏ వాక్యం దగ్గర ఏమైందో చెప్పాలి. మాండలికాన్ని దిద్దకూడదు, అర్థం కాకపోతే అడగాలి. ప్రతి కాగితం రెండుసార్లు రాయాలి. ఒక వారం కథో కవితో అయితే, మరో వారం అర్జీయో, వార్తో, ఉద్యోగానికి దరఖాస్తో. మార్కులు వుండవు.

మన యూనియన్ సంచికకు రచనలు ప్రతి ఏడూ చివరి వారంలో హడావుడిగా వస్తాయి. సంపాదకులకు దిద్దే వ్యవధి వుండదు. ఈ బల్ల దగ్గర రెండుసార్లు చదివించుకున్న రచనలే వచ్చే సంచికకు వెళ్తే, ఆ తేడా పాఠకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాత విద్యార్థుల్లో పత్రికల్లో, ప్రకటనల సంస్థల్లో, రేడియోలో పనిచేస్తున్నవారు ఏడాదికి ఒక్క సాయంత్రం వచ్చి కూర్చుంటే మరీ మంచిది.

కాలేజీ తెరిచిన నెలలో, మొదటి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు గదిలో వుంటాను. ఒక పేజీ రాసి, పది కాపీలు తీసి తెచ్చుకోండి. తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే.